ఫస్టాఫ్‌లో నవ్వు పేలలేదు: ఒక జపనీస్ విజువల్ నావెల్ మరమ్మతు

నేపథ్యం

ఇది జపాన్‌లోని ఒక దోజిన్ సర్కిల్ కేసు. సొంత డబ్బుతో గేమ్ తయారుచేసి, కామికెట్ అనే పెద్ద అమ్మకాల సంతలో బల్ల వేసుకుని అమ్ముకునే చిన్న బృందాలను అక్కడ సర్కిల్ అంటారు. వీళ్లు చేసింది విజువల్ నావెల్, అంటే బొమ్మల మీద మాటలు చదువుతూ, క్లిక్ నొక్కుతూ ముందుకు సాగే కథల గేమ్. ఈ సర్కిల్‌లో రాసేది ఒకరు, బొమ్మలు వేసేది ఇద్దరు, స్క్రిప్ట్‌ను గేమ్ నడిపే సాఫ్ట్‌వేర్‌లోకి, అంటే ఇంజిన్‌లోకి ఎక్కించేది ఒకరు. గేమ్ పేరు, పాత్రల పేర్లు, అసలు జోకులు ఇక్కడ రాయడం లేదు. జోకు చెప్పాల్సిన చోట అదే ఎముకలగూడు ఉన్న వేరే జోకును కట్టి చూపిస్తున్నాం.

కథ హైస్కూల్ కామెడీ. మూడు హీరోయిన్ రూట్లు (ఆడేవాడి ఎంపికను బట్టి విడిపోయే కథలు), వాటికి ముందు ఉమ్మడిగా రెండు గంటల భాగం. ఉమ్మడి భాగంలో నవ్వించి, రూట్లలో ఏడిపించాలన్నది లెక్క. 1990ల చివర్లో లీఫ్, కీ లాంటి కంపెనీల గేములతో స్థిరపడిన పద్ధతి ఇది. ఏడిపించే గేములకు జపాన్‌లో ‘నకిగే’ అని పేరు. మన సినిమా భాషలో ఫస్టాఫ్ నవ్వులు, సెకండాఫ్ సెంటిమెంట్. పాత్రతో చనువు ఏర్పడేది ఆ నవ్వుల్లోనే కాబట్టి, ఫస్టాఫ్ తేలిపోతే సెకండాఫ్‌లో ఎంత వాన కురిపించినా ఎవరికీ కన్ను చెమ్మగిల్లదు.

ఇంజిన్ టిరానోస్క్రిప్ట్. మాటలు కనబడే మెసేజ్ విండో తెర అడుగున, మూడు వరుసలు, వరుసకు 28 అక్షరాలు. అక్షరానికి 40 మిల్లీసెకన్లు, అంటే విండో నిండడానికి దాదాపు 3.4 సెకన్లు. హీరోయిన్లకు వాయిస్ ఉంది, హీరోకు లేదు; ఈ రంగంలో అది మామూలే. హీరో పైకి అనేవీ మనసులో అనుకునేవీ అక్షరాలుగానే వస్తాయి. ఆగస్టు కామికెట్‌లో ట్రయల్ వెర్షన్ ఇచ్చారు, డిసెంబరు చివరి కామికెట్‌కు పూర్తి గేమ్ రావాలి. వాయిస్ రికార్డింగ్ అప్పటికే అయిపోయింది. మిగతా నిర్ణయాలన్నిటినీ శాసించింది ఈ చివరి సంగతే. హీరోయిన్ మాట ఒక్కటి మార్చాలన్నా మళ్లీ స్టూడియో, మళ్లీ ఖర్చు.

వచ్చిన ఫిర్యాదు

ట్రయల్ ఆడినవాళ్లు బొమ్మలను మెచ్చుకున్నారు, పాత్రలు బాగున్నాయన్నారు. కామెడీ మాత్రం ‘అలసటగా ఉంది’ అన్నారు. ‘నవ్వు రాలేదు’ అని ఉంటే జోకు చెడ్డదనుకోవచ్చు. ‘అలసట’ వేరే జబ్బు. అది మోతాదుకో వేగానికో సంబంధించిన మాట.

ఇంకో ఆధారం చేతిలోనే ఉంది. ఇవే మాటలకు రికార్డింగ్ రోజున స్టూడియోలో అందరూ నవ్వారు. మాటలు అవే, మనుషులు చదివితే నవ్వు వచ్చింది, తెర మీద రాలేదు. మార్పు మాటల్లో లేదు కాబట్టి లోపమూ అక్కడ ఉండకూడదు. ఈ చిన్న తర్కం పట్టుకోవడానికి నెల పట్టింది. ఆ నెలలో మూడు ప్రయత్నాలు జరిగాయి.

ముందుగా కొన్ని పదాలు

జపనీస్ జంట హాస్యం మంజాయ్‌లో ఇద్దరుంటారు. తిక్కగా మాట్లాడేది బోకే, ఆ తిక్కను పట్టుకుని నిలదీసేది త్సుక్కోమి. జోకుకు రంగం సిద్ధం చేసేది ఫురి, పేలే చోటు ఓచి. ఒకే జోకును మళ్లీ తెచ్చి నవ్వించడం టెండోన్. టెంపురా అన్నం గిన్నె మీద రెండు రొయ్యలు వేస్తారు గనక ఆ పేరు వచ్చిందని చెప్పుకుంటారు.

మన బుర్రకథలో హాస్య వంత గుర్తొస్తే రావచ్చు గానీ, తేడా ఉంది. వంత అడ్డుతగిలితే ఆ అడ్డుతగిలే మాటే నవ్వు తెప్పిస్తుంది. త్సుక్కోమి పని నవ్వించడం కాదు. ‘ఇక్కడ వంకర ఉంది, చూశారా’ అని ప్రేక్షకుడి వేలు పట్టి చూపించడం. చూపించాల్సిన అవసరం లేని చోట కూడా చూపిస్తే ఏమవుతుందో ఈ కేసులో తేలింది.

విఫలమైన మూడు ప్రయత్నాలు

మొదటిది, ఓచి మాటలు తిరగరాయడం. హీరోయిన్లవి ముట్టుకోలేరు గనక రచయిత హీరో త్సుక్కోమిలను పదునుపెట్టాడు, అంటే పొడవు పెంచాడు. ‘అదేంటి’ అన్నది ‘అది పలానా దానిలా ఉంది, పైగా...’ అయింది. పోలికతో నిలదీయడం అనేది మంజాయ్‌లో ఉన్న పద్ధతే. కానీ అక్కడ పోలిక నోటితో రెండు సెకన్లలో వచ్చేస్తుంది. ఇక్కడ రెండున్నర వరుసలు చదవాలి. అలసట ఇంకా పెరిగింది.

రెండోది హంగామా. ప్రతి త్సుక్కోమికీ చెంపదెబ్బ లాంటి శబ్దం, తెరను ఊపే క్వేక్ ట్యాగు (ఇంజిన్‌కు స్క్రిప్ట్‌లో ఇచ్చే ఆజ్ఞ). మొదటి మూడు సీన్లలో పనిచేసింది. ఆ తర్వాత తెర ఊగడమే ‘ఇప్పుడు నవ్వండి’ అనే బోర్డు అయిపోయింది. 2001 నాటి గ్యాకుతెన్ సైబన్ కోర్టు గేములో తెర ఊగితే జనం ఉలిక్కిపడడానికి కారణం, అది అభ్యంతరం చెప్పే క్షణాలకీ నిజం బయటపడే క్షణాలకీ కేటాయించిన సంకేతం కావడం. దాన్ని ప్రతి చిన్న జోకుకూ వాడితే విలువ పడిపోతుంది.

మూడోది అందరికీ తోచేదే, అందుకే ఎక్కువ ప్రమాదకరం. ఓచికి ముందు ఒక సెకను బలవంతపు వెయిట్ పెట్టారు. విరామం లేకపోవడమే లోపమైతే విరామం పెడితే సరిపోవాలి కదా. కానీ క్లిక్ నొక్కాక తెర కదలకపోతే ఆడేవాడు దాన్ని విరామం అనుకోడు, గేమ్ ఆగిపోయిందనుకుంటాడు. మళ్లీ నొక్కుతాడు. ఆ రెండో నొక్కు ఓచి అక్షరాలు మొదలయ్యే సమయానికి పడుతుంది. అక్షరాలు వస్తుండగా నొక్కితే వాక్యం మొత్తం ఒక్కసారి తెర మీద పడడం ఈ ఇంజిన్లన్నిటికీ అలవాటు. చేతికి ఇంకో నొక్కు మిగిలి ఉంటే ఓచి చదవకుండానే దాటిపోతుంది. జోకును కాపాడటానికి పెట్టిన గోడ జోకు మీదే కూలింది.

బాడ్ ఎండ్ (తప్పు ఎంపికతో కథ చెడుగా ముగియడం) తర్వాత సరదా సలహాల మూల పెడదామన్న మాట కూడా వచ్చింది. 2000లో వచ్చిన త్సుకిహిమేలో సియెల్ టీచర్ పాఠాలు, 2004 ఫేట్ స్టే నైట్‌లో టైగర్ దోజో ఆ బాపతు. వాటిలో ఆడేవాడు మాటిమాటికీ చస్తుంటాడు, ఆ మూల ఊరట. ఈ గేములో బాడ్ ఎండ్‌లు రెండే. రెండుసార్లు తెరుచుకునే దుకాణానికి అలవాటు ఏర్పడదు. ఆ ఆలోచన అక్కడితో వదిలేశారు.

రోగం ఎక్కడుంది

జోకును ఒకే మనిషి మీద రెండుసార్లు పరీక్షించలేం. ఒకసారి విన్నాక ఆ చెవి పనికిరాదు. అందుకని ట్రయల్ ఆడని పద్దెనిమిది మందిని మూడు ఆరుగురి జట్లుగా విడదీసి, ఒక్కో దశకు ఒక్కో జట్టును దాచుకున్నారు. తెర రికార్డింగ్, మైకు, క్లిక్ సమయాలు. ఒంటరిగా ఉన్న మనిషి పైకి నవ్వడం అరుదు. చూడాల్సినవి ముక్కుతో వదిలే చిన్న ఊపిరి, చదవడానికి పట్టే సమయం కంటే ఎక్కువసేపు ఆగిన వేలు, వెనక్కి వెళ్లి బ్యాక్‌లాగ్ (దాటిపోయిన మాటల జాబితా) తెరవడం.

ఏ మార్పూ లేని గేమ్‌ను మొదటి జట్టు ఆడింది. రికార్డింగులు పక్కపక్కన పెట్టి చూస్తే మూడు సంగతులు బయటపడ్డాయి.

ఒకటి, ఫురి, ఓచి ఒకే విండోలో ఉన్నాయి. అక్షరాలు ఒక్కొక్కటిగా వస్తున్నాయి కాబట్టి ఓచి చివర్లో కనిపిస్తుందని రచయిత ఊహ. కానీ 40 మిల్లీసెకన్ల వేగం జపనీస్ పాఠకుడు మామూలుగా చదివే వేగం కంటే ఎక్కువ. నొక్కితే మూడు వరుసలూ ఒక్కసారి పడతాయి, నొక్కకపోయినా చదవడం పూర్తికాకముందే నిండిపోతాయి, కన్ను మొదటి వరుస మీద ఉండగానే మూడో వరుసలోని వింత పదాన్ని చూసేస్తుంది. చైనా నుంచి వచ్చిన భావాక్షరాలైన కంజీ లిపి దీన్ని ఇంకా తేలిక చేస్తుంది. ఉచ్చారణను రాసే హిరాగానా అక్షరాల మధ్య నాలుగు కంజీల ముద్ద ఉంటే చదవకముందే కంటికి తగులుతుంది.

రెండు, ఓచికి తగ్గట్టు పాత్ర ముఖం మారుతోంది, అదీ ముందే. ముఖం మార్పు 600 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్‌తో (ఒక బొమ్మ కరిగి ఇంకోటి తేలడం), అది పూర్తయ్యాకే అక్షరాలు మొదలయ్యేలా పెట్టారు. హీరో నోరు తెరవకముందే హీరోయిన్ ముఖంలో ‘ఇప్పుడు తిట్టు పడబోతోంది’ అని తెలిసిపోతోంది.

మూడు, వాయిస్ మధ్యలో తెగిపోతోంది. కళ్లు నటి గొంతు కంటే ముందుంటాయి. నటి రెండో వాక్యంలో ఉండగానే వేలు నొక్కుతుంది. స్టూడియోలో అందరినీ నవ్వించిన ఆ చివరి దీర్ఘం ఎవరి చెవికీ చేరలేదు.

మంజాయ్‌లో కాలం వేదిక మీది ఇద్దరి చేతుల్లో ఉంటుంది. విజువల్ నావెల్‌లో అది ఆడేవాడి బొటనవేలిలో ఉంటుంది. రచయితకు దక్కేది ఒక్కటే, ఆ వేలు ఎక్కడ ఆగాలో నిర్ణయించడం.

పనిచేసినవి

మొదటి విడతలో ఒక్క పదం కూడా మార్చకూడదని నియమం పెట్టుకున్నారు. మాటలూ హద్దులూ ఒకేసారి మారిస్తే దేనివల్ల ఫలితం వచ్చిందో తెలియదు. పైగా వాయిస్ కారణంగా ఆ నియమం సగం బలవంతమే.

అసలు జోకుకు బదులు మేం కట్టిన జోకు ఇది. విద్యార్థి సంఘం కార్యదర్శి అయిన అమ్మాయి ప్రతిదానికీ ఫారం ఇస్తుంది. జపాన్ బడుల్లో ఆలస్యానికి, గైర్హాజరుకు ‘తొదొకె’ అనే తెలియజేత పత్రం నిజంగానే ఉంటుంది. ఈమె దాన్ని భావోద్వేగాలకూ వర్తింపజేస్తుంది. పాత అమరికలో ఒకే విండో:

‘నిన్న మధ్యాహ్నం మీ మీద నాకు కోపం వచ్చింది. ముందుగా తెలియజేయనందుకు క్షమించండి. ఇదిగోండి, కోపం తొదొకె.’

తర్వాతి విండోలో హీరో: ‘కోపానికి కూడా ఫారం ఉంటుందా? ప్రపంచంలో ఎవరైనా కోపాన్ని కాగితం మీద రాసిస్తారా? అందులోనూ రెండు కాపీలు!’

కొత్త అమరికలో మొదటి వాక్యం ఒక్కటే ఒక విండో. ఇక్కడ ఆడేవాడు నిజంగా గొడవ జరగబోతోందని నమ్మాలి, ఆ నమ్మకమే ఫురి. క్షమాపణ రెండో విండో. మూడో క్లిక్‌కు విండో మాయమై, కాగితం జారే శబ్దం, తెర మధ్యలో ఫారం, దానితోపాటు ఆమె వాయిస్. ‘కోపం తొదొకె’ అన్న మాట ఫారం శీర్షికలోనే ఉంది కాబట్టి విండోలో మళ్లీ చూపించలేదు. కాగితం మీది అక్షరాలు అంత త్వరగా ముందుకు దూకి కనబడవు. చదవాలంటే కన్ను ఆ చోటికే వెళ్లాలి.

తిప్పలు ఇక్కడే. మూడు వాక్యాలూ ఒకే వాయిస్ ఫైలు. దాన్ని ఆడియో ఎడిటర్‌లో మూడు ముక్కలు చేయాలి. నటి ఊపిరి తీసుకున్న చోట శుభ్రంగా తెగుతుంది. ఒకే ఊపిరిలో అనేసిన చోట తెంపితే పదం తోక తెగినట్టు వినిపిస్తుంది. అలాంటి వాటిని తెంపకుండా ఒకే విండోలో ఉంచి, రాతలో మాత్రం రెండో సగాన్ని తీసేశారు: చెవికి మొత్తం వినబడుతుంది, కంటికి సగమే కనబడుతుంది. గత్యంతరం లేక చేసిన ఈ సర్దుబాటు కొన్నిచోట్ల అసలు మరమ్మతు కంటే బాగా పేలింది, ఎందుకంటే చదివేసి ముందుకెళ్లే దారి మూసుకుపోయింది. అయితే దీన్ని ఎక్కువ వాడలేం. శబ్దం ఆపుకుని ఆడేవాళ్లకు జోకే ఉండదు, చెవులు వినబడనివాళ్లకూ ఉండదు. అందుకే బ్యాక్‌లాగ్‌లో పూర్తి మాట ఉంచారు.

క్లిక్‌తో వాయిస్ తెగిపోకుండా కొనసాగించే ఎంపికను సెట్టింగుల్లో చేర్చి, మొదట్నుంచీ ఆన్‌లో పెట్టారు. తర్వాతి మాటకు వాయిస్ ఉంటే పాతది ఆగుతుంది, లేకపోతే నడుస్తుంది. హీరోకు వాయిస్ లేదు కాబట్టి, ఆమె దీర్ఘం ఇంకా లాగుతుండగానే అతని త్సుక్కోమి తెర మీద పడుతుంది. ఒకరి మాట మీద ఇంకొకరి మాట ఎక్కడం, మంజాయ్‌లో ఉన్నది, ఉచితంగా దొరికింది.

ముఖం మార్పును ఓచి దగ్గర 0 మిల్లీసెకన్లకు తగ్గించి, అక్షరాలతోపాటే జరిగేలా మార్చారు. సున్నితమైన సీన్లలో 600 అలాగే ఉంది. మెల్లగా మారే ముఖం భావం, టక్కున మారే ముఖం కామెడీ. ఇంకో మెట్టు, అసలు మారని ముఖం. ఫారం ఇచ్చేటప్పుడు ఆమె ముఖం మామూలుగానే ఉండాలి. బొమ్మలు వేసినవారు అక్కడ కొంటె నవ్వు ముఖం ఇచ్చారు, చాలా అందంగా ఉంది, తీసేయాల్సి వచ్చింది. బోకేకు తాను తిక్కగా ఉన్నానని తెలిస్తే ఆట చెడుతుంది.

రెండో జట్టు ఈ స్థితిలో ఆడింది. వేళ్లు ఆగాల్సిన చోట ఆగాయి, ఊపిరి చప్పుడు వినబడింది. కానీ గంట దాటాక అదే అలసట మళ్లీ కనిపించింది. అప్పుడు గానీ హీరో మాటల జోలికి వెళ్లలేదు.

రెండో విడత సూత్రం, త్సుక్కోమి పెద్ద వింతను వదిలేసి చిన్న వింతను పట్టుకోవాలి. కోపానికి ఫారం ఏమిటన్నది ఆడేవాడికి తోచేదే. హీరో కూడా అదే అంటే తన నోట్లో మాట లాగేసుకున్నట్టు ఉంటుంది. కొత్త త్సుక్కోమి అక్షరాలు మెల్లగా కాక ఒకేసారి పడేలా నోవెయిట్‌తో, ఒకే ముక్క: ‘రెండు కాపీలా.’ అతను ఫారాన్ని ఒప్పేసుకున్నాడు. ఇప్పుడు బోకేలు ఇద్దరయ్యారు, నిలదీసే పని తెర ఇవతలి మనిషిది. ఉమ్మడి భాగంలో త్సుక్కోమిలు సగానికి తగ్గాయి. తీసేసిన కొన్నిచోట్ల పేరు పట్టీని వాడారు: మాట పైన వక్త పేరు కనబడే ఆ చిన్న పెట్టెలో ‘కార్యదర్శి’కి బదులు ‘కార్యదర్శి (స్వీకరణ ముద్ర వేస్తూ)’. ఒక్క క్లిక్ కూడా ఖర్చు కాదు. రెండుసార్లే వాడారు, అంతకంటే ఎక్కువైతే అదీ బోర్డే.

మౌనపు విండోల సంగతి వేరు. ‘……’ అని మాత్రమే ఉండే విండో చేత్తో నొక్కి ఆడేవాడికి చక్కని విరామం. నొక్కకుండానే మాటలు వాటంతట అవే సాగే ఆటో మోడ్‌లో ఎంతసేపు ఆగాలో అక్షరాల లెక్కను బట్టి ఉంటే, రెండే అక్షరాలు కాబట్టి కన్ను మూసి తెరిచేలోగా పోతుంది. వెయిట్ పెడితే చేతి ఆటగాడు రెండుసార్లు నొక్కే పాత గొడవ. ఆటో నడుస్తున్నప్పుడు మాత్రమే ఆ విండో 1.2 సెకన్లు ఆగేలా షరతు రాశారు. చేతి ఆటగాడికి మాత్రం నేపథ్య సంగీతాన్ని ఫేడ్ లేకుండా టక్కున ఆపారు. సంగీతం ఆగితే జనం నొక్కరు, ఏమైందా అని చూస్తారు. వెయిట్ సాధించలేనిది నిశ్శబ్దం సాధించింది.

స్కిప్ మింగేసిన టెండోన్

ఇది మూడో జట్టులో దొరికింది, ముందు ఎవరూ ఊహించలేదు. కార్యదర్శి రూట్ చివర్లో ఆమె హీరోకు ఒక కాగితం ఇస్తుంది. ఎప్పట్లా ‘ఆలస్యం తొదొకె’, ‘కోపం తొదొకె’ కాదు. ముందు మాట ఖాళీ, శీర్షికలో ‘తొదొకె’ ఒక్కటే. జపనీస్‌లో అదే మాట ‘చేరు’ అనే క్రియకు ఆజ్ఞార్థక రూపం కూడా: ‘చేరుకో’, ‘నీకు అందాలి’. పత్రం పేరు ఒక్క క్షణంలో ప్రార్థనగా మారుతుంది. తెలుగులో ‘మనవి’ కొంత దగ్గర. అర్జీ పైన రాసేదీ అదే, బతిమాలుకునేదీ అదే. ఫస్టాఫ్ జోకు సెకండాఫ్‌లో కన్నీరయ్యే చోటు ఇది, గేమ్ మొత్తం దీని మీదే నిలబడింది.

మొదటి రూట్‌గా ఆమెను ఎంచుకున్నవాళ్లకు పనిచేసింది. రెండో, మూడో రూట్‌గా వచ్చినవాళ్లు ఉమ్మడి భాగాన్ని చదివినవాటిని దాటించే స్కిప్‌తో దాటారు. ఫారాల జోకు వాళ్లు చూసి రోజులు గడిచాయి. ఖాళీ శీర్షిక వాళ్లకు ఖాళీ శీర్షికలాగే కనబడింది.

ఉమ్మడి భాగంలో స్కిప్‌ను ఆపేయడం ఒక దారి. రెండోసారి చదవమని బలవంతపెడితే ఆ జోకు మీద కసి పుడుతుంది, వద్దన్నారు. పాత సీన్‌ను జ్ఞాపకంగా మళ్లీ చూపించడం ఇంకో దారి. అది ఓచిని ముందే ప్రకటించినట్టే. చివరకు ఆమె రూట్ తొలి సీన్‌లోనే ఒక కొత్త ఫారం పెట్టారు: ‘ఆకలి తొదొకె’, త్సుక్కోమి లేకుండా, హీరో జేబులోంచి హాంకో (సంతకానికి బదులు వాడే పేరు ముద్ర) తీసి ముద్ర వేసేస్తాడు. మూడు విండోలు. కొత్త పాఠం కాబట్టి స్కిప్ అక్కడ దానంతట అదే ఆగుతుంది. ఈ ఇంజిన్‌లో చదివిన గుర్తు లేబుల్ (స్క్రిప్ట్‌లో ఒక్కో భాగానికి పెట్టే పేరు) వారీగా పడుతుంది. అందుకని లేబుళ్లను నమోదుచేసే సెట్టింగ్ ఆన్‌లో ఉందో లేదో చూసుకుని, ఆ సీన్‌కు సొంత లేబుల్ ఇచ్చారు. లేకపోతే ఉమ్మడి భాగం చివరి లేబుల్ కిందికి చేరి, కొత్త సీన్ కూడా స్కిప్‌లో కొట్టుకుపోయేది. ఆమె ఆకలి మాటకు వాయిస్ లేదు కదా అన్న ప్రశ్నకు జవాబు, ఆమె ఏమీ అనదు. కాగితం జారే శబ్దం చాలు. మూడోసారి జోకు పొట్టిదైతేనే మంచిది కూడా.

మిగిలినవి, తర్వాతి పనికి పట్టుకెళ్లినవి

టీచర్ మందు తాగి వచ్చే సీన్ ఏ అమరికలోనూ పేలలేదు. అందులో ఫురి లేదు. మొదటి మాటకే ఆమె తూలుతోంది, మామూలుగా ఎలా ఉంటుందో అంతకుముందు ఎక్కడా చూపలేదు. హద్దులు జరిపి బాగుచేయగలిగేది ఉన్న ఫురినే. సీన్ మొత్తం తీసేశారు.

తర్వాతి గేముకు రచయిత రాసే పద్ధతి మార్చుకున్నాడు. వర్డ్ ఫైలులో పేరాలుగా కాక, ఒక విండోకు ఒక వరుసగా, 28 అక్షరాల కొలత గీతతో రాస్తున్నాడు. ఓచి ఉన్న వరుసను రికార్డింగ్ స్క్రిప్ట్‌లో వేరే నంబరుతో ఇస్తున్నారు. దాంతో నటి అక్కడ ఊపిరి తీసుకుంటుంది, ఫైలు విడిగా వస్తుంది. ముఖాల జాబితాలో ప్రతి పాత్రకూ ‘ఏమీ జరగనట్టు’ అనే ముఖం మొదటి వరుసలో ఉంటోంది.

కంట్రోల్ కీ నొక్కిపట్టి, చదవని పాఠాన్ని కూడా దాటేసేవాళ్లకు ఏం చేయాలో తేలలేదు. ‘ఆకలి తొదొకె’ సీన్‌లో ఆ కీ పనిచేయకుండా చేద్దామని స్క్రిప్ట్ ఎక్కించే మనిషి అడిగాడు. రచయిత ఒప్పుకోలేదు.